చేదుకో మల్లన్నా

శ్రీశైలానికి బస్సులో పదిసార్లయినా వెళ్లి ఉంటాను కానీ, ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నల్లమల మీదుగా నడిచి వెళ్లే పాత దారి పట్టింది మాత్రం మూడేళ్ల కిందటి మహాశివరాత్రికే. "చేదుకో మల్లన్నా" అంటూ ఆ దారిన నడిచేవాళ్లు పెట్టే కేక నేను చిన్నప్పటి నుంచి విన్నదే. ఆదుకోమని అడగడానికి అదొక పాత మాట కాబోలని అనుకునేవాణ్ణి తప్ప, అందులోని అసలు అర్థం ఆ యాత్రలో రెండో రోజు వరకూ నాకు తట్టలేదు.

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోయే దారి కనుక, ఇక్కడ ఎప్పుడు పడితే అప్పుడు నడవనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ ముందు కొద్ది రోజులు మాత్రం అనుమతి ఉంటుంది. శివరాత్రికి ఎక్కువగా మన తెలుగువాళ్లు నడిస్తే, ఉగాదికి కన్నడ భక్తులు ఊళ్లకు ఊళ్లుగా తరలివస్తారు. వాళ్లకు భ్రమరాంబ ఆడపడుచు కనుక చీరె, సారె తెస్తారు. ఈ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచులకేమో మల్లన్న అల్లుడు. ఇద్దరికీ ఆయనతో చుట్టరికం కుదిరింది కానీ, మాబోటివాళ్లకు అదేమీ లేదు కాబట్టి గట్టిగా కేకలు వేసి పిలుచుకోవలసి వస్తుందేమో.

నన్ను వెంటబెట్టుకు వెళ్లింది మా మేనమామ. ఆయనకది పదకొండో నడక. ఆయన భుజాన ఒక తుండుగుడ్డ, చేతిసంచిలో చెంబు, టార్చిలైటు తప్ప ఏమీ లేవు. నేను మాత్రం రెండు జతల బట్టలు, దుప్పటి, మూడు పూటలకు సరిపడా చపాతీలు, మందుల పెట్టె మోసుకుంటూ బయలుదేరాను. దారి పొడుగునా అన్నదానం చేసేవాళ్లు చేతులు పట్టుకుని ఆపి మరీ పెడతారన్న సంగతి మామ ముందుగా చెప్పలేదు. అడిగితే, చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదన్నాడు. అది నిజమే.

తెల్లవారుజామున వెంకటాపురం దాటి, ఎండ ముదిరేసరికి నాగలూటి చేరి వీరభద్రస్వామికి మొక్కుకున్నాము. అసలు కొండ దారి అక్కడి నుంచే మొదలవుతుంది. అరిగిపోయి, కొన్నిచోట్ల పక్కకు ఒరిగిపోయిన రాతిమెట్ల మీద శివమాల వేసుకున్న స్వాములు చెప్పుల్లేని కాళ్లతో చకచకా ఎక్కిపోతుంటే, నేను బూట్లు వేసుకుని కూడా వెనకబడ్డాను. ఆకులు రాలిన అడవిలో మోదుగులు మాత్రం విరగబూసి ఉన్నాయి. తిని పారేసిన విస్తళ్లు, ఖాళీ నీళ్ల సీసాలు కూడా ఆ చెట్ల కిందే పడి ఉన్నాయి. పులి ఉండే అడవిలోకి మొక్కుకుని వచ్చినవాళ్లు ఇంత చెత్త ఎలా వదిలి వెళ్లగలరో నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి పెద్దచెరువు దగ్గర, ముక్కూ మొహం తెలియని వందలాది మంది మధ్య, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా నిద్రపోయాను.

తిరుమలలోనైతే ఎక్కిన ప్రతి మెట్టూ మనల్ని గుడికి దగ్గర చేస్తున్నట్టే ఉంటుంది. ఈ దారి తీరు వేరు. రోజున్నర పాటు కష్టపడి ఎక్కిన ఎత్తునంతా మఠంబావి దాటాక మళ్లీ వదులుకుని, భీముని కొలను లోయలోకి దిగవలసి వస్తుంది. ఆ దిగుడులో నా మోకాళ్లు వణికాయి. కొలను దగ్గర తలెత్తి చూస్తే చుట్టూ నిలువుగా లేచిన రాతి గోడలు, పైన కొంచెం ఆకాశం, ఎదుటి కొండకు నిచ్చెన వేసినట్టు కైలాసద్వారం దాకా సాగిపోయే మెట్లు కనిపించాయి. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడని చరిత్ర చెబుతున్నది. ఈ మెట్లు కూడా రెడ్డిరాజుల నాటివేనని నడిచేవాళ్లు చెప్పుకుంటారు. ఎవరు కట్టించినా, ఆ బండలను ఆ ఎత్తున పేర్చిన కూలీల నడుములను తలచుకుని నేను కాసేపు కూర్చుండిపోయాను.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక గుంపు "చేదుకో మల్లన్నా" అని అరిచింది. కింద ఉన్నవాళ్లు బదులు పలికారు. లోయంతా ఆ మాటే తిరిగింది. నేను లేవకపోవడం చూసి మామ పక్కన కూర్చుని, "బాయిలో పడిన చేద దానంతట అది పైకి వస్తాదా అల్లుడూ?" అన్నాడు. వాళ్ల ఊళ్లో గిలక బావి దగ్గర చేదతో నీళ్లు తోడిన రోజులు నాకూ లీలగా గుర్తున్నాయి. చేదడమంటే తోడడం. ఇన్నేళ్లుగా వింటున్న కేకలో ఉన్నది ఆ బావి, ఆ తాడేనని, నిజంగా బావి అడుగున కూర్చున్నట్టున్న ఆ చోట గానీ నాకు తెలియలేదు. మొహమాటపడుతూ మొదట గొణిగాను. సగం మెట్లెక్కేసరికి అందరితో పాటు గొంతెత్తి అరుస్తున్నాను.

కైలాసద్వారం తర్వాతి నడక పెద్ద కష్టమనిపించలేదు. శ్రీశైలంలో ధూళి దర్శనమని ఒక పాత సంప్రదాయం ఉంది. వచ్చినవాడు వచ్చినట్టే, కాళ్ల దుమ్ముతోనే స్వామిని చూడవచ్చు. ఆ రాత్రి లింగోద్భవ వేళ ఆలయ దీపాలన్నీ ఆర్పివేయగా, చీకటిలో నేతపనివారు విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా పాగా చుట్టారు. దీపాలు వెలిగాక తెల్లటి వస్త్రం కనిపించింది కానీ, చుట్టినవారిని నేను చూడలేకపోయాను.

ఈ ఏడాది మామకు మోకాళ్లు సహకరించలేదు. శ్రీశైలం దాకా బస్సులో వచ్చి, కైలాసద్వారం దగ్గర మెట్ల పైన కూర్చుని నా కోసం ఎదురుచూశాడు. నేను చివరి మెట్టుకు వచ్చేసరికి లేచి చెయ్యి చాచాడు. అయితే అందుకున్నది నా చేతిని కాదు, సంచిని. దాన్ని ఎత్తి చూసి, "ఇంకా ఇంత బరువేందిరా" అన్నాడు.