తర్వాత చూద్దాంలే

"ఈ టెస్టు ఎందుకు ఆపావు?"

మొన్న సోమవారం నా కోడ్ కింద మా సీనియర్ ఒకావిడ రాసింది ఇంతే. ముందు పలకరింపు లేదు, చివర థాంక్స్ లేదు. టీమ్‌లో అందరికీ కనిపించేలా రాసింది.

జర్మనీకి, ఈ లైప్‌జిగ్‌కి వచ్చి మూడేళ్లయింది. పని భూగర్భజలాల మోడల్ మీద. బావుల్లో కొలిచిన నీటిమట్టాలకు మోడల్ లెక్క దగ్గరపడేదాకా నేల గుణాలను సరిచేస్తూ పోవాలి. అందుకు డెరివేటివ్‌లు కావాలి, అంటే ఒక విలువను కాస్త కదిపితే ఫలితం ఎంత మారుతుందో చెప్పే లెక్కలు; అవి చేత్తో రాసేవి కావు. ఇన్నాళ్లూ ఆటోగ్రాడ్ అనే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, లెక్కగట్టేది. అది హార్వర్డ్‌లో పుట్టింది. రాసినవాళ్లలో కొందరు తర్వాత గూగుల్‌లో చేరి, 2018లో జాక్స్ అనే కొత్త లైబ్రరీ బయటపెట్టారు. మా కోడ్‌ని అందులోకి మార్చే పని నాకొచ్చింది. పైకి చూస్తే సగం పని లైబ్రరీని పిలిచే ఇంపోర్ట్ లైన్లు మార్చడమే. రెండు నెలలు పట్టింది. కోడ్ సరిగ్గా లెక్కిస్తోందా అని చూసే టెస్టుల్లో ఒక్కటి మాత్రం లొంగలేదు. తర్వాత చూద్దాంలే అని అది నడవకుండా స్కిప్ పెట్టి, మీటింగ్‌లో "అయిపోయింది" అన్నాను.

హైదరాబాద్‌లో అయితే లీడ్ టీకి తీసుకెళ్లి "బాగానే చేశావు గానీ..." అని మొదలుపెట్టేవాడు. ఆ "గానీ" వినపడగానే మనకు మిగతాదంతా అర్థమైపోతుంది, పరువూ దక్కుతుంది. ఇక్కడ నేరుగా ప్రశ్నే. పోనీ కోపంతో అడిగిందా అంటే అదీ కాదు, మధ్యాహ్నం కాఫీ దగ్గర ఏమీ జరగనట్టే నవ్వింది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. రెండు నెలల పనిలో ఆవిడకు కనిపించింది ఆ ఒక్క లైనేనా? అసలు ఆవిడను పేరు పెట్టి పిలవాలట. అమ్మ వయసు. నాకింకా నోరు రాదు, పేరే ఎత్తకుండా నెట్టుకొస్తున్నాను.

ఆ రాత్రి జవాబుగా పెద్ద సంజాయిషీ రాసి, పంపే ముందు ఒకసారి చూద్దామని టెస్టు తెరిచాను. మోడల్ సరిహద్దులో నీటిమట్టం 250 మీటర్లు. దాన్ని మీటరులో పది లక్షల వంతు అటూ ఇటూ కదిపి, వచ్చిన తేడాను డెరివేటివ్‌తో పోల్చాలి. తేడా సున్నా వస్తోంది. ఎంతకూ సున్నాయే. జాక్స్ మామూలుగా 32 బిట్లలోనే లెక్క చేస్తుంది, అంటే దాదాపు ఏడు అంకెల దాకానే. 250కి అంత చిన్న ముక్క కలిపినా 250గానే ఉండిపోతుంది. పాతదాంట్లో 64 బిట్లు ఉండేవి. మొదట్లోనే ఒక్క సెట్టింగ్ మారిస్తే టెస్టు పాసైంది. డెరివేటివ్ కొట్టిపారేసేంత తప్పేం కాదు, అది మాత్రం గట్టిగా చెప్పుకుంటాను.

సంజాయిషీ చెరిపేసి, "64 బిట్లకు మార్చాను, టెస్టు నడుస్తోంది" అని పెట్టాను. పొద్దున్నే ఒక్క మాట వచ్చింది: "పాస్ట్." అంటే, జర్మన్‌లో సరిపోయింది అని.

సాయంత్రం ఫోన్లో అమ్మకు కథంతా చెప్పాను, ఎవరో ఒకరు నా వైపు మాట్లాడకపోతారా అని.

"అదంతా సరేరా, ఇంతకీ ఎందుకు ఆపావు?" అంది.