మట్టికోటా, సిమెంటు రోడ్డూ

"కోట కోట అంటావే గానీ, ఒక్క రాయన్నా చూపించు" అని బావగారు సాయంత్రం అన్నమాట ఇంకా గుచ్చుతానే ఉంది. మొన్న ఉదయగిరి కొండెక్కి వచ్చారు లెండి, అప్పట్నించీ మన నెల్లూరు కోటమిట్ట ఆయన కంటికి ఆనడం లేదు. ఉదయగిరి సంగతి వేరు. కొండ మీద రాయికేం కరువు? కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదిన్నర ముట్టడేస్తే గానీ 1514లో అది గజపతుల చేతిలోంచి రాలేదు. మనది పెన్న దక్షిణపు గట్టు. తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే ఇసక. దొరికినదాంతోనే కట్టుకున్నారు.

మట్టిదే కదా అని తీసిపారేస్తే ఎట్లా? 1757లో ఈస్టిండియా కంపెనీ కల్నల్ ఫోర్డ్ ఫిరంగులేసుకుని వచ్చింది ఈ గోడ ముందుకే. కోట అప్పుడు నజీబుల్లాఖాను చేతిలో ఉంది, ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి సోదరుడు, నవాబు మీదే తిరగబడ్డాడు. ఫోర్డ్ మనుషులు గోడకి గండి కొట్టారు, గండిలోకి ఎగబడ్డారు, లోపలివాళ్ళు నెట్టేశారు. ఇంతలో మద్రాసు నించి వచ్చేయమని కబురు. ఆ ఫోర్డే మరుసటేడు చందుర్తిలో ఫ్రెంచివాళ్ళని ఓడించాడు, 1759లో బందరు కోట పట్టుకున్నాడు. నెల్లూరు మట్టిగోడ మాత్రం ఆయనకి చిక్కలేదు బావగారూ.

కంపెనీ కాలపు రాతల్లో ఈ గోడ గురించి ఒక వివరం నాకు భలే ఇష్టం. ద్వారమూ, ఏవో కొన్ని బురుజులూ తప్ప తక్కినదంతా మట్టే. పైన ఆరడుగుల పిట్టగోడ. అందులో తుపాకీ పెట్టుకునే కంతలకి కాల్చిన మట్టి గొట్టాలు వాడారట. గోడ పచ్చిగా ఉన్నప్పుడే వాటిని పరిచి, పైన మట్టి వేసుకుంటా పోతే ఆరాక గోడా గొట్టమూ ఒకటైపోతాయి. ఆరిన మట్టిగోడని తొలిస్తే పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది, అందుకని కంతని ముందే కట్టేశారు.

ఆ పచ్చిగోడ అనగానే నాకు అమ్మమ్మ వాళ్ళ దొడ్డిగోడే కళ్ళకి కడతా ఉంది. మట్టిని నీళ్ళు పోసి నానబెట్టి, వరిగడ్డి ముక్కలు చల్లి, కాళ్ళతో తొక్కేవాళ్ళు. మర్నాడు మళ్ళీ తొక్కుడు. ముద్ద చేత్తో పిసికితే వేళ్ళ మధ్య జారకూడదు, పగలకూడదు. ఒక వరస మూరెడు ఎత్తు, అంతే. అది గట్టిపడేదాకా నాలుగైదు రోజులు ఆగాల్సిందే. తొందరపడి పై వరస ఎత్తితే కింది వరస పొట్ట ఉబ్బుతుంది. అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. చివర తాటాకో పెంకో కప్పకపోతే కార్తీకం దాటదు. మన వానలు ఆశ్వయుజ, కార్తీకాల్లో, అదీ తుఫానుతో వాలుగా కొట్టేవి కదా. పైన కప్పు పోతే గోడకి పైనించి చారలు పడతాయి, అడుగున చినుకులు ఎగిరి కొట్టి కోత పడుతుంది, ఒకరోజు నిలువునా కూలుతుంది. కాపలా దండు పోయి, ఏటేటా మెత్తేవాళ్ళు లేకపోతే కోటగోడకైనా అదే గతి. కూలినచోటే చదును చేసి ఇళ్ళు లేపుకున్నారు. ఇక రాయి ఎక్కడినించి చూపించేది?

అసలు మంట ఇది కాదు. పెద్దక్క వాళ్ళ సందులో మళ్ళీ సిమెంటు రోడ్డు వేశారు, పాతది తవ్వకుండానే, దాని మీదే. అర అడుగు మందం. అరుగుకి ఒకప్పుడు మూడు మెట్లుండేవి, ఇప్పుడు గడపా రోడ్డూ సమానం. రోడ్డుతో పాటు కాలువ గోడలూ లేపారు, దాంతో దొడ్లోంచి వచ్చే తూము కాలువ కంటే కిందకి పోయింది. నీళ్ళు బయటికి పోవు, గోడ మొదట్లో నిలుస్తాయి. ఇటుకా సున్నమూ గోడ ఆ చెమ్మని పీల్చుకుంటుంది. పీల్చుకోవడం తప్పు కాదు, సున్నపు గచ్చయితే పీల్చింది పీల్చినట్టు గాలికి వదిలేస్తుంది. ఈయనగారు, అదే మా బావగారు, పెచ్చులు ఊడుతున్నాయని నాలుగడుగుల ఎత్తున సిమెంటు పూత కొట్టించారు! చెమ్మకి దారి లేక పూత వెనకాలే పైకి పాకి, అయిదో అడుగు దగ్గర తెల్లగా ఉప్పు పూసింది. ఆ ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి ఇటుక మొహాన్ని పొడి చేసేస్తుంది. గోటితో గీరితే రాలతా ఉంది. కోటలో రాయి లేదని వెక్కిరించే మనిషి సొంత గోడని ఇట్లా తినిపిస్తా ఉన్నారు.

ఇంత రాశాక అనిపిస్తోంది, వీధి ఎత్తు పెరగడం ఇవాళ కొత్తగా వచ్చిన రోగమా అని. నీళ్ళ గొట్టానికి ఆ సందు తవ్వినప్పుడు చూశాను, సిమెంటు కింద తారు, తారు కింద కంకర, దాని కింద పెంకు ముక్కలూ బూడిదా ఇటుక పొడీ, ఆ కింద ఎర్రటి గట్టి మట్టి. జనం ఎప్పుడూ పాతదాని మీదే పోసుకుంటూ వచ్చారు. అయినా సరే, తారు కిందున్న ఆ పాత పొరలు కొంతన్నా నీటిని ఇంకనిచ్చేవి. ఈ అర అడుగు ఇంకనివ్వదు. నా కోపం ఎత్తు మీద కాదన్నమాట, కాలువ మీద.

మేస్త్రీకి చెప్పాల్సింది రాసి పెట్టుకుంటున్నా. సిమెంటు పూతంతా, తెల్లగా పూసినచోటికి ఇంకో అడుగు పైదాకా పాత గచ్చూ ఊడగొట్టాలి. ఇటుకల మధ్య సందులు అంగుళం లోతు గీకి, ఒక ఎండాకాలం ఉత్తగా వదిలేయాలి. సున్నం గుంటలో నీళ్ళ కింద కనీసం మూడు వారాలు మాగాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసక. దొరికితే గానుగలో తిప్పించడం, కలిపేటప్పుడు కరక్కాయా బెల్లమూ నానిన నీళ్ళు పోయడం. గోడ తడిపి, ఒక్కోటీ అర అంగుళం మించకుండా రెండు మూడు పూతలు, వారం రోజులు తడి గోనెలు. ఎండకి వదిలేస్తే వెంట్రుక బీటలొస్తాయి. గట్టిదనానికని పిడికెడు సిమెంటు కూడా పడకూడదు, పైన ప్లాస్టిక్ పెయింటూ వద్దు, సున్నమే.

అయితే దీనికంతకీ ముందు తూము కంటే కాలువ కిందకి దిగాలి. ఆ పనికి వార్డులో అర్జీ పెట్టమంటే బావగారు "చూద్దాంలే" అంటున్నారు. అక్క చేత రాయిస్తాను.