తుఫాను జుట్టు పట్టినవాడు

మా పాపకి ఇంగ్లీషు పరీక్ష. ‘కోరమాండల్ ఫిషర్స్’ కవితలో ప్రకృతి పాత్ర ఏమిటో చెప్పమని నా దగ్గరికి వచ్చింది. సరోజినీ నాయుడు రాసిన మూడే మూడు చరణాలు, 1905లో వచ్చిన ఆవిడ తొలి సంపుటిలోవి. గైడులో జవాబు ఉండనే ఉంది: సముద్రం తల్లి, మబ్బు తోబుట్టువు, అలలు నేస్తాలు, కాబట్టి అలంకారం ఫలానా.

మార్కులకి అది చాలు. నాకే మనసొప్పలేదు. మన కోరమాండల్ తీరంలో జాలర్లు సముద్రాన్ని ‘గంగమ్మ తల్లి’ అంటారు. అది అలంకారమని వాళ్ళతో అని చూడండి! కారైక్కాల్ దగ్గర తిరుమలరాయన్‌పట్టినం తీరానికి మాసి మగం అనే తమిళ పండుగ నాడు తిరుక్కణ్ణపురం శౌరిరాజ పెరుమాళ్ వేంచేస్తే, అక్కడి జాలర్లు ‘మాప్పిళ్ళై’ అని ఎదురెళ్తారు. అంటే అల్లుడుగారు. వాళ్ళ ఆడపడుచుని చేసుకున్నాడు మరి. నీళ్ళు తల్లి అయినప్పుడు దేవుడు అల్లుడు కావడంలో వింతేముంది?

చెన్నైలోనూ మాసి మగానికి దేవుళ్ళు సముద్రానికి వస్తారు. మనకి మాఘ పౌర్ణమి స్నానాలు వచ్చే రోజులే అవి. తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి గరుడ వాహనం మీద మెరీనాకి వచ్చినప్పుడు ఒకసారి నేనూ వెళ్ళాను. ఇసుకలో మోసేవాళ్ళ కాళ్ళు మడమల దాకా దిగబడుతున్నాయి. నీళ్ళ అంచున ఒక పెద్దాయన, జాలరే, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. అర్చకస్వాములు చక్రత్తాళ్వారుని, అంటే స్వామివారి సుదర్శన చక్రాన్ని, పట్టుకుని దిగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక పెద్ద అల వచ్చి విరిగింది. కాళ్ళ కింద ఇసుకని లాక్కుంటూ వెనక్కి పోయింది. అప్పుడు చెయ్యి తీశాడు. వేదం చదివినవాళ్ళు ఆ చెయ్యి చెప్పినట్టే విన్నారు.

రెండో చరణం చివర ఒక మాట ఉంది. తుఫానుని జుట్టు పట్టుకుని ఉన్నవాడు మన ప్రాణాల్ని తన గుండెలో దాచుకుంటాడు అని దాని భావం. దేవుడు కాపాడతాడని గైడు తేల్చేసింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. 2004 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున సునామీ ఈ తీరం మీదికే కదా వచ్చింది! చెన్నై పట్టినపాక్కం జాలర్ల గుడిసెల్లోకి వచ్చింది ఆ తల్లి నీళ్ళే. దాచుకోవడం అంటే ఒడ్డుకి చేర్చడమా, తనలో కలుపుకోవడమా? కవిత ఆ ముడి విప్పలేదు. విప్పకపోవడమే మంచిదైంది, విప్పితే భరోసా కాగితంలా ఉండేది.

మన పోతన గజేంద్రుడు కూడా నీళ్ళలోనే ఉన్నాడు, కాలు మొసలి నోట్లో. అయినా ‘ఎవ్వనిచే జనించు’ అని మొదలుపెట్టి ‘ఎవ్వని యందు డిందు’ దాకా వెళ్తాడు. జగమంతా ఎవరి వల్ల పుట్టి, ఎవరిలో ఉండి, ఎవరిలో అణగిపోతుందో ఆయన్నే శరణు వేడతాను అంటాడు. అణగిపోవడం కూడా ఆయనలోనే అని ముందే ఒప్పేసుకున్నాడు. ‘కావవే’ అన్న కేక ఇంకా తర్వాత వస్తుంది. జాలరి ప్రతి తెల్లవారుజామునా తెప్ప తోసేది ఈ ఒప్పుకోలుతోనే అని నాకు తోస్తుంది. చదువు లేకపోయినా సరే, పోతన తెలియకపోయినా సరే.

ఆ పెద్దాయన ఇంట్లో సునామీకి ఎవరైనా పోయారేమో అడగాలనుకుని అడగలేకపోయాను. చక్రస్నానం అయ్యాక ఆయన దోసిలితో నీళ్ళు తీసి నెత్తిన చల్లుకున్నాడు. తడి చొక్కాతోనే తన పడవ దగ్గరికి వెళ్ళి, వల చిక్కులు తీస్తూ కూర్చున్నాడు.