గొట్టం ఎప్పుడు మార్చాలో ఎవరూ చెప్పలేదు

మొన్న పోస్టులో రెండు యూడీఐడీ కార్డులు (దివ్యాంగుల గుర్తింపు కార్డులు) వచ్చాయి. తమ్ముడిది నీలం, బాపుది పసుపు. వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే నీలం. 40 నుంచి 80 లోపు పసుపు, 40 కన్నా తక్కువైతే తెలుపు. ఈ రెండు కార్డులు చేతికి వచ్చేదాకా ఇంట్లో ఏమేం నేర్చుకోవాల్సి వచ్చిందో, మనసులో పచ్చిగా ఉండగానే రాసి పెడుతున్నాను. ఇట్లాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మాది పరకాల దగ్గర ఊరు, కల్లుగీత వృత్తి. తమ్ముడు 27 ఏండ్లప్పుడు మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. డీ12 వెన్నుపూస (ఛాతీ వెనుక ఉండే పన్నెండింటిలో చివరిది) నలిగిపోయి వెన్నుపాము దెబ్బతిన్నది. రెండు కాళ్లు పడిపోయాయి, మూత్రం, దొడ్డికి వచ్చేది తెలియడం ఆగిపోయింది. ఆ తర్వాత 14 నెలలకు బాపుకు పక్షవాతం వచ్చింది. 61 ఏండ్లు, కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి.

చెట్టు కింద మేమే ఒక తప్పు చేశాం. నలుగురం చంకల కింద, మోకాళ్ల కింద పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టినం. విరిగిన వెన్ను వంగితే లోపలి నరం ఇంకింత నలుగుతుంది. 108 వచ్చేదాకా పడ్డచోటే ఉంచాలి. తప్పనిసరై కదిలించాల్సి వస్తే ఒకరు తల, మెడ కదలకుండా పట్టుకోవాలి, మిగతా ముగ్గురు భుజం, నడుము, కాళ్లు పట్టి మొద్దును దొర్లించినట్టు ఒకేసారి పక్కకు తిప్పాలి. వీపు కింద తలుపు చెక్క పెట్టి మళ్లీ వెల్లకిలా దించాలి. చెట్టెక్కేటప్పుడు జారి పడకుండా కాపాడేందుకు 2024లో ప్రభుత్వం ఇచ్చిన కాటమయ్య రక్షక కవచం కిట్టు ఊర్లో ఎవరికైనా ఉంటే దాన్ని దూలానికి వేలాడదీయకుండా రోజూ కట్టుకొమ్మని బతిమాలుతున్నాను.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది, రాడ్లు, స్క్రూలు వేశారు. అక్కడ మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బందంతా డిశ్చార్జ్ నాడు మొదలైంది. మూత్రానికి ఫోలీ గొట్టం (మూత్రాశయంలోనే ఉంచేసే రకం) వేసి సంచి కట్టి పంపించారు. ఎన్ని రోజులు ఉంచాలి, ఎప్పుడు మార్చాలి అనే మాట చీటీలో లేదు. అడిగితే "గొట్టం ఉన్నది గదా, ఇంకేం గావాలె?" అన్నారు. అది 53 రోజులు అట్లనే ఉంది. మామూలుగా ఫోలీని మూడు నాలుగు వారాలకు ఒకసారి మార్చాలి. మా వాడికి చలిజ్వరం, మూత్రంలో చీము, గొట్టం చుట్టూ పుండు. మళ్లీ అదే ఆసుపత్రికి తీసుకపోతే ఎముకల ఓపీ వాళ్లు సర్జరీకి పొమ్మన్నారు, సర్జరీ వాళ్లు మూత్రం డాక్టర్ దగ్గరికి, ఆయన గది ముందు "వారానికి రెండు రోజులే" అని బోర్డు. మూడు రోజులు స్ట్రెచర్ తోసుకుంటూ తిరిగినం. మూడో రోజు వరండాలో అందరి నడుమ దుప్పటి తీసేసి, "పెండ్లయిందా? ఇగ దేనికి పనికొస్తడు?" అని ఒకాయన అన్నాడు. తమ్ముడు మొఖం గోడకు తిప్పుకున్నాడు. తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎముక అతుక్కున్నదా లేదా అని చూసిన వాళ్లున్నారు, ఆ మనిషి బతికే విధానం అడిగిన వాళ్లు లేరు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు, దాచుకోను కూడా.

సాయంత్రం డ్యూటీకి వచ్చిన ఒక పెద్ద నర్సమ్మ తెర అడ్డం పెట్టి ఇరవై నిమిషాల్లో అంతా నేర్పింది. ఆ ఇరవై నిమిషాలు మొదటి రోజే ఇచ్చి ఉంటే చాలు. ఆమె చెప్పింది, మేం ఇప్పుడు చేస్తున్నది ఇదీ.

ఫోలీ తీసేసి, నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి సన్నని నెలాటన్ గొట్టంతో మూత్రం తీసి, గొట్టం మళ్లీ బయటికి తీసేయాలి. పెద్ద మగవాళ్లకు 12 లేదా 14 సైజు సరిపోతుంది. చేతులు సబ్బుతో కడగాలి, అంగం కొనను నీళ్లతో శుభ్రం చేయాలి, గొట్టానికి జెల్లీ బాగా పూయాలి. అంగాన్ని నిటారుగా పైకి పట్టుకొని మెల్లగా తోయాలి. దాదాపు 20 సెంటీమీటర్లు పోయాక మూత్రం వస్తుంది, వచ్చాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు తోసి ఆపాలి. లోపల ఒక దగ్గర బిగుసుకుంటుంది, అక్కడ బలవంతం చేయొద్దు. ఆగి, గట్టిగా ఊపిరి తీసి వదులుతుంటే కండరం సడలుతుంది. బలవంతం చేస్తే రక్తం వస్తుంది, ఆ గాయమే తర్వాత దారి ఇరుకు చేస్తుంది. మూత్రం ఆగాక పొత్తికడుపు మెల్లగా ఒత్తుతూ గొట్టం కొంచెం కొంచెంగా బయటికి లాగాలి, అడుగున మిగిలింది కూడా వస్తుంది. ఆడవాళ్లకు దారి చాలా చిన్నది, నాలుగైదు సెంటీమీటర్లే. మొదట్లో అద్దం పెట్టుకొని నేర్చుకుంటారు.

ప్రతిసారీ కొలవాలి. ఒకసారికి 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటితే గంటలు తగ్గించాలి. నీళ్లు రోజుకు రెండు లీటర్ల దాకా, రోజంతా కొంచెం కొంచెం, రాత్రి ఎనిమిది తర్వాత తగ్గించాలి. చాలామంది తడుస్తుందని నీళ్లు మానేస్తారు, అట్లా చేస్తే రాళ్లు, ఇన్ఫెక్షన్. ఇంకో పొరపాటు: బట్టలు తడుస్తున్నాయి కాబట్టి మూత్రం పోతోందని అనుకోవడం. డీ12, దాని కిందున్న ఎల్1 దగ్గర దెబ్బ తగిలిన వాళ్లకు కడుపులోని మూత్రాశయం నిండి పొర్లుతుంటుంది, లోపల లీటరు ఉంటుంది. ఆ ఒత్తిడి వెనక్కి మూత్రపిండాల మీద పడుతుంది. కొన్నేండ్లకు ప్రాణం తీసేది అదే. అందుకే ఏడాదికి ఒకసారి మూత్రపిండాల స్కానింగ్ చేయించాలి.

మూత్రం మబ్బుగా ఉన్నంత మాత్రాన మందుల షాపుకు పోయి యాంటీబయోటిక్ కొనొద్దు. గొట్టం వాడేవాళ్ల మూత్రంలో క్రిములు ఎప్పుడూ ఉంటాయి. జ్వరం, వణుకు, కొత్తగా తడవడం, నడుము నొప్పి ఉంటే పరీక్ష చేయించి మందు వాడాలి. ఊరికే వాడితే నిజంగా అవసరం పడ్డప్పుడు మందు పనిచేయదు.

ఇంట్లో ఇంత శుభ్రంగా ఎట్లా చేస్తాం, ఆపరేషన్ థియేటర్ కాదు గదా అని అవ్వ భయపడింది. 1972లో జాక్ లాపిడెస్ అనే అమెరికా డాక్టర్ సబ్బుతో కడిగిన చేతులు చాలని, మూత్రాశయం నిండి ఉబ్బకుండా వేళకు ఖాళీ చేయడమే ముఖ్యమని రాశాడు. ఇన్నేండ్లయినా వార్డులో ఈ మాట అడుక్కొని చెప్పించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు తమ్ముడే చేసుకుంటాడు. గొట్టాలు, జెల్లీ, సబ్బు, కొలిచే గిన్నె ఒక స్టీలు డబ్బాలో పెట్టుకొని హనుమకొండకు బస్సులో పోయి వస్తాడు.

దొడ్డికి పోవడం కూడా వేళకు అలవాటు చేయాల్సిందే. తిన్న 20, 30 నిమిషాలకు పేగు సహజంగా కదులుతుంది, ఆ టైం పట్టుకోవాలి. వెన్ను పైభాగంలో దెబ్బ ఉన్నవాళ్లకు మలద్వారంలో బిళ్ల పెట్టినా, గ్లౌజు వేలుతో లోపల మెల్లగా గుండ్రంగా తిప్పినా పేగు తానే తోస్తుంది. మా వాడిలా కింది భాగంలో దెబ్బ ఉన్నవాళ్లకు అది పనిచేయదు, రోజూ వేలుతో తీయాలి. మీ వాళ్లది ఏ రకమో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. డీ6, ఆపైన దెబ్బ ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మూత్రం నిండినా, మలం గట్టిపడినా ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, మొఖం మీద చెమట, బీపీ ఆకాశానికి. వెంటనే కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, గొట్టం మెలిక పడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆసుపత్రికే.

చర్మం గురించి ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. పడుకుంటే రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి, కుర్చీలో ఉంటే పావుగంటకు, అరగంటకు చేతుల మీద లేచి పిరుదులు ఎత్తాలి. పొద్దున, రాత్రి అద్దంతో పిరుదులు, త్రికం (నడుము కింద పిరుదుల పైన ఉండే ఎముక), మడమలు చూసుకోవాలి. ఎర్రబడ్డ చోట వేలితో ఒత్తితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, అది పోయేదాకా దాని మీద బరువు పెట్టొద్దు, రుద్దొద్దు. సైకిల్ ట్యూబు రింగు మీద కూర్చోబెడతారు మనవాళ్లు, రింగు అంచు చుట్టూ రక్తం ఆపి పుండును పెద్ద చేస్తుంది. స్పర్శ లేని కాళ్లకు వేడి ఇటుక కాపడం పెట్టి బొబ్బలు తెచ్చిన ఇండ్లు నాకు తెలుసు.

చక్రాల కుర్చీ ఉచితంగా వచ్చిందని తీసుకుంటే చేతులాన్చే కమ్మీలు ఊడి రావు, మంచం మీదికి పక్కకు జరగడం కుదరదు. కమ్మీలు తీసే రకం అడగండి. గుమ్మం ముందు ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. మా మేస్త్రీ నాలుగడుగుల్లో కట్టి పెట్టాడు, పగలగొట్టించి మళ్లీ కట్టించినం. నిలబడే సాధనకు ఇంటి వెనుక పది అడుగుల జీఐ పైపులు రెండు, తుంటి ఎత్తులో, నడుమ రెండడుగులు వదిలి పాతినం. తొడ దాకా క్యాలిపర్లు (కాళ్లు వంగకుండా పట్టే ఊతకమ్మీలు) కట్టుకొని వాటి మధ్య నడుస్తాడు. అది వ్యాయామానికే, పనులన్నీ కుర్చీలోనే. డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో కాళ్లు పడిపోయి, కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, వెల్లూరులో 1966లో పునరావాస కేంద్రం ఆమె చేతుల మీదే నడిచింది. ఈ సంగతి చెప్పాక తమ్ముడు "నడిపిస్తరా?" అని అడగడం తగ్గించాడు.

బాపు సంగతి వేరు. పొద్దున లేచేసరికి మూతి వంకర. చుట్టాలు పావురం రక్తం రుద్దాలని పట్టుబట్టారు, ఆ వాదనలో రెండు గంటలు పోయాయి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే, అదీ స్కానింగ్ తీసి లోపల రక్తం కారలేదని తేలాకే. చివరిసారి మంచిగ ఉన్నది ఎప్పుడో అక్కడి నుంచే లెక్క. మా బాపు నిద్రలో ఉన్నాడు కాబట్టి టైం దాటిందన్నారు.

పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయొద్దు. నిటారుగా కూర్చోబెట్టి ఒక్క చెంచా నీళ్లు ఇచ్చి చూడాలి, దగ్గు వచ్చినా, గొంతు తడితడిగా పలికినా మింగుడు సరిగా లేదన్నమాట. అలాంటప్పుడు పలుచని అంబలి, చాయ్ కన్నా గట్టి గట్క మేలు. గడ్డం ఛాతీ వైపు వంచి మింగమనాలి. పడిపోయిన చెయ్యి పట్టి ఎవ్వరూ లేపొద్దు, భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి పోదు. నడుముకు తువాల గట్టిగా కట్టి అది పట్టుకొని లేపాలి. అంగీ వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ఎక్కువ మెరుగుదల మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వస్తుంది, ఆ తర్వాత ఆగిపోదు, నెమ్మదిస్తుంది. ఆ నెలల్లో "జర నయమైనంక చేయిద్దాం" అని వ్యాయామం వాయిదా వేసినవాళ్లు నష్టపోయారు. మా బాపు తన పేరు చెప్పలేకపోయాడు గాని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాడు, అవ్వతో కలిసి పాట పాడాడు. పాట దారి మెదడులో వేరే ఉంటుంది, దాన్ని పట్టుకొని మాట రప్పించొచ్చు. అర్థం కాక కాదు, మాట దొరక్క అవస్థ పడుతున్నాడని తెలియకపోతే మనవాళ్లు పిచ్చోడన్నట్టు అరిచి మాట్లాడతారు.

ఫిజియో హాల్లో అన్ని వయసులవాళ్లనూ చూశాను. చిన్నపిల్లలకు వెన్ను దెబ్బ తగిలితే ఎదిగేకొద్దీ వెన్ను వంకర పోతుంది, తుంటి జారుతుంది, బ్రేసు ఎప్పటికప్పుడు మార్చాలి. డెబ్బై దాటిన రైతు బొక్కబోర్లా పడితే అరిగిన మెడ వెనక్కి వంగి చేతులు పడిపోతాయి, కాళ్లు కొంత మేలు. వాళ్లకు ముద్ద నోటికి అందించుకోవడమే మొదటి వ్యాయామం. ఆదిలాబాద్ వైపు గోండు పిల్లల్లో కొందరికి సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) వల్ల పక్షవాతం వస్తుంది, దానికి రక్తం ఎక్కించే చికిత్స వేరు. నన్ను ఎక్కువ బాధపెట్టింది బాలింతలు. చలి చేస్తుందని నీళ్లు ఇవ్వకుండా ఎండకాలంలో మూల గదిలో ఉంచితే మెదడు సిరలో రక్తం గడ్డకట్టొచ్చు, తలనొప్పి, వాంతి, ఫిట్స్. బాలింతకు నీళ్లు తాగనియ్యండి, ఎంత తాగితే అంత.

వైకల్యం సర్టిఫికెట్‌కు డిశ్చార్జ్ చీటీ, ఎంఆర్‌ఐ, ఆధార్, ఫొటోలు తీసుకపోవాలి. మూత్రం పట్టు లేదని మెడికల్ బోర్డు డాక్టర్ల ముందు నోరు తెరిచి చెప్పాలి, సిగ్గుపడి చెప్పకపోతే కాళ్లు మాత్రమే లెక్కలోకి వస్తాయి. తమ్ముడికి మొదటిసారి అట్లనే తక్కువ వచ్చింది. 40 శాతం, ఆపైన ఉంటే పింఛన్ వస్తుంది, 2023లో దాన్ని 4016 రూపాయలు చేశారు.

డిశ్చార్జ్ నాడు పట్టుబట్టి అడగాల్సినవి రాస్తున్నాను. గొట్టం వేసిన తేదీ ఏది, మార్చేది ఎప్పుడు, దీన్ని తీసేసి వేళకు మూత్రం తీసే పద్ధతి ఎవరు నేర్పుతారు, దొడ్డికి ఏ పద్ధతి, పక్క మార్చడం ఇంట్లో ఎవరికి చూపిస్తారు. తేదీ చీటీ మీద రాయకపోతే మూత్రం సంచి మీదనే పెన్నుతో రాయించుకోండి.