చెప్పులతో సాలగ్రామం మీద

ఇటలీలోని వెరోనాలో రెండు రోజులున్నాం. జూలియట్ ఇంటి బాల్కనీ దగ్గర తోపులాట తప్ప మొదటి రోజు ఏం చేశామో గుర్తు లేదు. గుర్తున్నది దిండు.

2018 ఆగస్టు. రోమన్ల కాలపు రాతి ప్రేక్షకశాల అరేనాలో ‘ఐదా’ ఒపెరా, అంటే పాడుతూ ఆడే నాటకం. వేసవి ఒపెరాలు అక్కడ 1913లో మొదలైందీ ఐదాతోనే. మాది అన్నిటికన్నా చవక టికెట్, అంటే నంబర్లు లేని రాతి మెట్లు. పలచటి దిండ్లు అద్దెకిస్తున్నారు. ఆ డబ్బుతో మా ఊళ్లో ఒక పూట భోజనం వచ్చేస్తుంది. అక్కర్లేదనేశాను. నేల మీద చాప వేసుకుని తెల్లవార్లూ వీధినాటకాలు చూసినవాణ్ణి, రాయి నాకో లెక్కా!

రెండు గంటల ముందే జనం తువ్వాళ్లు పరిచి చోటు పట్టేస్తున్నారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసే మనకు ఇదేం కొత్త విద్య? మా ఆవిడ చున్నీ పరిచేశాను.

బయట నాలుగు కమానులతో ఒక గోడ ముక్క విడిగా నిలబడి ఉంది. మరమ్మతు సగంలో ఆపేశారనుకున్నాను. తీరా చూస్తే అసలు ముఖం అదేనట. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో కట్టినప్పుడు ఆ మూడంతస్తుల గోడ చుట్టూతా ఉండేది. 1117 భూకంపానికి కూలింది. రాళ్లు ఊళ్లో కట్టడాలకు పోయాయి. మేం ముచ్చటపడి ఫోటోలు దిగిన 72 కమానుల గోడ ఒకప్పుడు లోపలిది! నడవాల్లో గోడలు ఇంకా మోటు: నదిలో గుండ్రాళ్లు, సున్నం, మధ్యమధ్య ఇటుక వరుసలు. నునుపంతా పైపైన తొడిగిన, దగ్గర్లోని వాల్పొలిచెల్లా ప్రాంతపు రాయిది.

ఆ లేత ఎరుపు రాతిలో, సరిగ్గా నా చెప్పు కింద, అరచేతంత సుడి ఆకారం. పక్కనున్న పెద్దావిడ వేలు పెట్టి చూపించి, “అమ్మోనీతే” అంది. అమ్మోనైట్ అన్నమాట, కోట్ల ఏళ్ల నాటి సముద్రజీవి శిలాజం. గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో ఉండేదీ ఆ జాతిదే. మడి కట్టుకోనిదే తాతయ్య మమ్మల్ని ఇంట్లో సాలగ్రామాల పెట్టె దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. గబుక్కున కాలు తీసేశాను. తనకు చోటిచ్చాననుకుందేమో, ఆవిడ నవ్వి సంచీ అక్కడ పెట్టేసింది.

రెండో అంకానికే నడుం పట్టేసింది. విరామంలో కిందికి దిగి రెండు దిండ్లు తెచ్చాను. మా ఆవిడ ఏమీ అనలేదు, రేటు మాత్రం అడిగింది.