చియా గింజలు అమ్మబోయిన నా అనుభవం

రెండున్నర ఎకరాల చియా గింజలు అమ్ముకుని నిన్న రాత్రే ఇంటికి చేరాను. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

సాగులో ఇబ్బంది లేదు. పగటి పొద్దు తగ్గితే గాని పూత పట్టని పంట కనుక అక్టోబరు మొదటి వారంలో, ఎకరానికి రెండు కిలోల విత్తనాన్ని సన్నని ఇసుకలో కలిపి సాళ్లలో పోశాము. ఆకుల ఘాటు వాసన వల్ల కాబోలు, పురుగుమందు డబ్బా మూత తీయలేదు. జనవరి చివర్లో కంకులు కోసి, టార్పాలిన్‌పై కొట్టి తూర్పారబడితే ఏడు క్వింటాళ్లు వచ్చాయి. గోనె సంచి కన్నాల్లోంచి గింజ జారిపోతుంది కనుక ప్లాస్టిక్ సంచులే వాడాలి.

పంటంతా తామే కొంటామని నోటిమాటగా చెప్పి విత్తనం అమ్మిన కంపెనీవాళ్లు కోతల తర్వాత ఫోను ఎత్తలేదు. చేసేది లేక బస్తాలను యార్డుకు తోలుకుపోతే, జాబితాలో చియా అనే పేరే లేదని, కావాలంటే జొన్నలని రాస్తానని గుమాస్తా అన్నాడు. లోపల ఒక వ్యాపారి వాటిని సబ్జా గింజలనుకుని, టీ గ్లాసులో నీళ్లు పోసి చిటికెడు వేశాడు. సబ్జా రెండు మూడు నిమిషాల్లోనే తెల్లగా ఉబ్బుతుంది, చియాకు అంతకంటే ఎక్కువ సేపు కావాలి. హమాలీలు చుట్టూ చేరి చూస్తుండగా, ఇవి చచ్చిన సబ్జాలని తేల్చి, ఆ నీళ్లు నా కాళ్ల ముందు పారబోశాడు. సబ్జా నిగనిగలాడే నలుపనీ, చియా బూడిదరంగుపై మచ్చలతో ఉంటుందనీ అరచేతిలో పోసి చూపించబోతే, ఆ చదువు తన దగ్గర వద్దన్నాడు. ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తున్న నేను, నా గింజ పేరు నేను చెబితే నమ్మించలేకపోయాను.

చివరికి మరో ముగ్గురు రైతులతో కలిసి లారీ మాట్లాడుకుని, మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్‌లో అమ్మాను. అక్కడ చియా అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. కిరాయి పోగా మిగిలింది తక్కువే. కొనేవారి సంతకం కాగితంపై పడనిదే ఈ విత్తనం చల్లవద్దు, కంపెనీ మనిషి ఎంత తియ్యగా మాట్లాడినా సరే.

ఆ రోజు నేను బస్తాలు తిరిగి ఎక్కించుకునేసరికి అరగంట దాటింది. నేలపై పడిన గింజలు జిగురై, ఆ వ్యాపారి చెప్పుల అడుగున దట్టంగా అంటుకుని ఉన్నాయి.