మెజారిటీ తీర్పులే చదివి ఒక మెయిన్స్ పోగొట్టుకున్నాను

గ్రూప్-1 తుది జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు కనిపించి నాలుగు రోజులైంది. పాలిటీ (రాజ్యాంగం, పాలన) ఎలా చదివారని అడుగుతున్న వారందరికీ విడివిడిగా జవాబివ్వలేక ఇది రాస్తున్నాను. సిలబస్ మీకు తెలిసిందే కనుక, గత ప్రయత్నంలో నన్ను ముంచిన పొరపాటు గురించే చెబుతాను.

రాజ్యాంగ సవరణాధికారానికి గల పరిమితులను చర్చించమన్న ప్రశ్నకు నేను 1951 శంకరీప్రసాద్, 1967 గోలక్‌నాథ్, 1973 కేశవానంద భారతి అని సుప్రీంకోర్టు తీర్పులను వరుసగా పేర్చి, ‘కాబట్టి మౌలిక స్వరూపాన్ని మార్చరాదు’ అన్న వాక్యం కింద గీత గీసి బయటికొచ్చాను. మార్కులు చూశాక ఆ జవాబును గుర్తున్నంత వరకు మళ్లీ రాసుకుని చదివితే, అందులో తీర్పులున్నాయి గానీ వాదం లేదు. గోలక్‌నాథ్ 6-5, కేశవానంద 7-6 అన్న అంకెలు కంఠతా వచ్చిన నాకు, ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే మన నోట్సు మరోలా ఉండేదని తట్టలేదు.

అసలు గొడవంతా, ప్రాథమిక హక్కులను హరించే చట్టం చెల్లదనే 13వ అధికరణలోని ‘చట్టం’ అన్న మాట దగ్గర మొదలైంది. రాజ్యాంగ సవరణ ఆ మాటలో ఇమడదని శంకరీప్రసాద్‌లో, ఇముడుతుందని గోలక్‌నాథ్‌లో అన్నారు. కేశవానందలో గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టి, పరిమితిని, రాజ్యాంగాన్ని సవరించే అధికారమిచ్చే 368వ అధికరణలోని ‘సవరణ’ అన్న మాటలోనే వెతికారు. మౌలిక లక్షణాన్ని మార్చడం సవరణ అవుతుందా అన్న సందేహాన్ని జస్టిస్ ముధోల్కర్ 1964లోనే, సజ్జన్ సింగ్ కేసులో, విడిగా రాసిన అభిప్రాయంలో వెలిబుచ్చారు. 1976లో జబల్‌పూర్ కేసులో ఒంటరిగా మిగిలిన జస్టిస్ ఖన్నా వాదమే (ఎమర్జెన్సీలోనూ పౌరుడి ప్రాణానికి, స్వేచ్ఛకు కోర్టు రక్షణ ఉంటుందన్నది) 2017లో పుట్టస్వామి తీర్పుతో నిలిచింది.

అప్పటి నుంచి నోట్సులో పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు మెజారిటీని, కుడివైపు భిన్నాభిప్రాయాన్ని, అడుగున ఇద్దరూ వేర్వేరుగా చదివిన పదాన్ని రాసుకున్నాను. అధికార పరిధి ప్రశ్నలకు మన తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకించిన 371-డి అధికరణే చక్కని ఉదాహరణ: ప్రభుత్వోద్యోగుల వివాదాలు తేల్చే పరిపాలనా ట్రైబ్యునల్ ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అన్న వెసులుబాటును సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది, ఎందుకంటే కేసులో ఓడిన కక్షిదారే తీర్పును తుడిచేయడం చట్టబద్ధ పాలన కాదు. ట్రైబ్యునళ్లపై హైకోర్టుల న్యాయ సమీక్షను 1997లో చంద్రకుమార్ తీర్పు తిరిగి నిలబెట్టడాన్ని దీని పక్కనే చదవండి.

మిగతా పేపర్లు అందరూ చదివినట్టే చదివాను. తీర్పులు చదవడం సమయం దండగ అన్న మిత్రులున్నారు. వారి లెక్క వారిది, కానీ రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నామన్న గొప్పల కంటే ఒక తీర్పుతో రెండు రోజులు కుస్తీ పట్టే ఓపికే క్రమశిక్షణ అని నేనిప్పటికీ అంటాను. ఇంటర్వ్యూలో కేశవానంద కేసులో మైనారిటీ పక్షాన మాట్లాడమన్నారు. ఏది మౌలికమో రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదన్న జస్టిస్ రే పక్షపు వాదనతో మొదలుపెట్టాను. అది ఆ కుడివైపు గడిలో మొదటి వాక్యం.